ఆర్కిటెక్ట్‌ల సంఘం కార్యక్రమాలు ఊరికి పనికొచ్చేలా నడపడం ఎలా: హైదరాబాద్ అనుభవం నుంచి ఒక సమగ్ర మార్గదర్శి

కొత్తగా కమిటీలోకి వచ్చిన కుర్రాళ్లు ఏటా నన్ను ఒకటే అడుగుతారు: "అన్నా, ఈ సంవత్సరం ఏం ప్రోగ్రాములు పెడదాం?" నేను వాళ్లను తిరిగి అడిగేది కూడా ఏటా ఒకటే: "ప్రోగ్రాం అయిపోయాక ఊరి చేతిలో ఏం మిగలాలి?"

మనకు బాగా అలవాటైన పద్ధతి ఒకటుంది. హోటల్లో హాలు, ఒక ప్రజెంటేషన్, తర్వాత భోజనాలు. వచ్చేదీ మనమే, వినేదీ మనమే. మనం కలిశామన్న సంగతి కూడా ఊరికి తెలియదు. అలాంటి సాయంత్రాలు వద్దని కాదు, నేనూ చాలా నేర్చుకున్నాను వాటిలో. కానీ సంఘం పనంతా వాటితోనే సరిపోతే నాకు బాధగా ఉంటుంది. అందుకే ఈ మార్గదర్శిలో ఎక్కువ చోటు మూడు పనులకు ఇస్తున్నాను: పాత కట్టడాల మధ్య నడక, ఒక పాత ఇంటిని కొలిచి గీయడం, మామూలు జనానికి ఉచిత సలహా. ఉదాహరణలన్నీ హైదరాబాద్‌వి. మీది వరంగల్ అయినా, రాజమండ్రి అయినా, క్రమం ఇదే.

ముందుగా రెండు నియమాలు చదవండి

కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ వేరు, మన సంఘం వేరు. కౌన్సిల్ 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం కింద ఏర్పడింది, మనకు రిజిస్ట్రేషన్ ఇచ్చేది అదే. మన సంఘం, అంటే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్కిటెక్ట్స్, 1917లో బొంబాయిలో, జె.జె. స్కూల్లో చదివినవాళ్లు పెట్టుకున్న సంఘంగా మొదలైంది. ఇందులో చేరడం మన ఇష్టం. దీనికి రాష్ట్రాల్లో చాప్టర్లు, వాటి కింద ఊళ్లలో సెంటర్లు ఉంటాయి.

కార్యక్రమాలు పెట్టేవాళ్లు తప్పకుండా చదవాల్సింది కౌన్సిల్ 1989లో తెచ్చిన వృత్తి ప్రవర్తన నియమావళి. ఆర్కిటెక్ట్ తన సేవలకు ప్రకటనలు ఇచ్చుకోకూడదు (కొన్ని చిన్న మినహాయింపులు ఉన్నాయి). కాంట్రాక్టర్ల దగ్గర, సరుకు అమ్మేవాళ్ల దగ్గర కమీషన్లు, కానుకలు తీసుకోకూడదు. సలహా శిబిరం ఎలా నడపాలి, స్పాన్సర్ దగ్గర ఎంత తీసుకోవాలి అనే ప్రశ్నలకు సగం జవాబు ఈ రెండు నియమాల్లోనే దొరుకుతుంది.

క్యాలెండర్ వేసుకోవడం

ఏడాదికి పన్నెండు కార్యక్రమాలని ముందే లెక్క పెట్టుకోకండి. ఐదు చాలు, కానీ పూర్తిగా చేయండి. ఏప్రిల్ 18 ప్రపంచ వారసత్వ దినం. ఆ రోజు నడక పెడితే ఉదయం ఆరుకే మొదలుపెట్టాలి, ఎనిమిది దాటితే ఎండకు ఎవరూ నిలబడలేరు. సెప్టెంబర్ 28 1908లో మూసీ వరద వచ్చిన రోజు. అక్టోబర్ మొదటి సోమవారం ప్రపంచ ఆర్కిటెక్చర్ దినం. నవంబర్ 19 నుంచి 25 వరకు ప్రపంచ వారసత్వ వారోత్సవం. హైదరాబాద్‌లో నడకకు నవంబర్‌ని మించిన నెల లేదు. విద్యార్థులతో పని ఉంటే మాత్రం ముందు కాలేజీకి ఫోన్ చేసి పరీక్షలు, జ్యూరీలు (విద్యార్థుల డిజైన్లను పరీక్షించే రోజులు) ఎప్పుడో కనుక్కోండి. జ్యూరీ వారంలో ఏ విద్యార్థీ రాడు, వచ్చినా నిద్రలో ఉంటాడు.

నడక: దారి ఎంచుకోవడం

చార్మినార్ చుట్టూ నడిపించడానికి గైడ్లు ఉన్నారు. ఆర్కిటెక్ట్‌లు మాత్రమే చెప్పగలిగే కథ ఉన్న దారి వెతకండి. నేను పదేపదే వెళ్లేది మూసీ ఒడ్డుకు. అఫ్జల్‌గంజ్‌లో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, దాని పక్కన ఉస్మానియా ఆసుపత్రి, నయాపూల్ దాటితే అవతలి ఒడ్డున హైకోర్టు, ఇంకొంచెం ముందుకెళ్తే సిటీ కాలేజీ. అన్నీ నడిచే దూరంలోనే ఉన్నాయి, అన్నిటినీ కలిపే కథ ఒక్కటే.

1908 సెప్టెంబర్ 28న మూసీ ఊరిమీద పడింది. వేలమంది పోయారు. ఆ తర్వాత విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన సూచనలతో ఊరికి పైన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వచ్చింది. నది ఒడ్డున పెద్ద ప్రజాభవనాలు లేచాయి. వాటిలో హైకోర్టు, ఆసుపత్రి, సిటీ కాలేజీ మూడూ విన్సెంట్ ఎష్ అనే బ్రిటిష్ ఆర్కిటెక్ట్ గీసినవే. అంతకుముందు ఆయన కలకత్తాలో విక్టోరియా మెమోరియల్ కట్టడానికి పనిచేశాడు. కాచిగూడ రైల్వేస్టేషన్ కూడా ఆయనదే. వరద నుంచి ఒక నగరం ఎలా తిరిగి లేచిందో రెండు గంటల్లో కాళ్లతో చదివించవచ్చు.

ఈ దారిని ఇప్పుడే నడిపించడానికి ఇంకో కారణం ఉంది. 2020 జూలై వానలకు ఉస్మానియా పాత భవనం వార్డుల్లోకి నీళ్లొచ్చి రోగులను అక్కడి నుంచి తరలించారు. 2025 జనవరిలో గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. 2024 మార్చిలో రాజేంద్రనగర్ వైపు కొత్త హైకోర్టుకు శంకుస్థాపన చేశారు. అంటే నది ఎదురెదురు ఒడ్డుల మీద ఉన్న ఈ రెండు పెద్ద భవనాలూ పాత పని వదిలే రోజు దగ్గరపడుతోంది. తర్వాత వాటిని ఏం చేయాలన్న మాట వచ్చినప్పుడు, వాటిని దగ్గరగా చూసిన జనం ఊళ్లో ఎంతమంది ఉంటే అంత మంచిది. ఎర్రమంజిల్ పాత ప్యాలెస్ సంగతి గుర్తుంది కదా. దాన్ని కూల్చి అక్కడ అసెంబ్లీ కట్టాలన్న ప్రభుత్వ నిర్ణయాన్ని 2019లో హైకోర్టు కొట్టేసింది. ఆ భవనం కోసం మాట్లాడినవాళ్లు ఊళ్లో ఉన్నారు కాబట్టే కేసు అక్కడిదాకా వెళ్లింది.

నడక: నెల ముందు నుంచి

దారిని మీరు ముందే రెండుసార్లు నడవాలి. నడక వారంలో ఏ రోజు, ఏ గంటకు పెడుతున్నారో సరిగ్గా ఆ రోజే, అదే గంటకు వెళ్లండి. ఆదివారం ఉదయం అఫ్జల్‌గంజ్‌కీ, సోమవారం అఫ్జల్‌గంజ్‌కీ పోలికే లేదు. ఎక్కడ నీడ ఉంది, ఎక్కడ ఇరవైమంది నిలబడితే దారికి అడ్డం కారు, మరుగుదొడ్డి ఎక్కడుంది, టీ ఎక్కడ దొరుకుతుంది అన్నీ కాగితం మీద రాసుకోండి. మరుగుదొడ్డి లేనిచోట మొదలుపెట్టకండి, లేనిచోట ముగించకండి. ఆడవాళ్లు, పెద్దవాళ్లు రాకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం. వాళ్లు నోరు విడిచి చెప్పరు.

లోపలికి అడుగుపెట్టే ప్రతి చోటా ఉత్తరంతోనే అనుమతి తీసుకోండి. ఆసుపత్రికి సూపరింటెండెంట్ పేరున, గ్రంథాలయానికి అక్కడి అధికారి పేరున. స్థానిక పోలీస్ స్టేషన్‌కు ఒక సమాచార లేఖ ఇవ్వండి. ఉత్తరం లెటర్‌హెడ్ మీద ఉండాలి, ఎంతమంది వస్తారో, ఎన్ని గంటలకు వచ్చి ఎన్ని గంటలకు వెళ్తారో, బాధ్యుడి ఫోన్ నంబర్ ఏమిటో అందులో ఉండాలి. ఇచ్చినట్టు ముద్ర వేయించుకున్న కాపీ తెచ్చుకోండి. మా మొదటి నడకలో ఒకచోట ఫోన్లో "రండి సార్" అన్నారని నమ్మి వెళ్లాం. ఆ రోజు డ్యూటీలో ఉన్న సెక్యూరిటీ ఆయనకు ఆ ఫోన్ సంగతి ఏం తెలుసు? నలభైమంది గేటు బయట నిలబడిపోయారు. తప్పు మాదే. ఆయన పని ఆయన చేశాడు.

హైకోర్టును బయటి నుంచే చూపించండి. అసలు ఆ గుమ్మటాలు, మినార్లు బాగా కనిపించేది కూడా నది ఇవతలి నుంచే.

సంఖ్య పాతికకు మించనివ్వకండి. నలభైమందితో నడిస్తే వెనకవాళ్లకు వినపడదు, వాళ్లు ఫోన్లు తీస్తారు. మా అనుభవంలో ఉచితం అంటే పేరు ఇచ్చినవాళ్లలో మూడోవంతు రారు. మనిషికి వంద రూపాయలు పెట్టండి, విద్యార్థులకు వద్దు. పాతికమందికి 2,500 వస్తుంది. ఐదుగురు వాలంటీర్లతో కలిపి ముప్పైమందికి ఇడ్లీ, చాయ్ తలా యాభై చొప్పున 1,500. చేతిలో ఇచ్చే మ్యాపు ముద్రణకు 500. మిగిలింది నీళ్లకు, ప్రథమ చికిత్స డబ్బాకు సరిపోతుంది. విద్యార్థులు ఎక్కువైతే ఆ తేడా సంఘం పెట్టుకోవాలి.

నడక: ఆ ఉదయం

ముందొకరు, వెనకొకరు, రోడ్డు దాటేచోట ఇద్దరు. మాట్లాడేది ఒక్కరే. ఆగే చోట్లు ఐదుకు మించొద్దు, ఒక్కో చోట పది నిమిషాలు. భవనం పేరు, కట్టిన సంవత్సరంతో మొదలుపెట్టకండి. ఒక వస్తువుతో మొదలుపెట్టండి. ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. 1908 వరదలో దాని కొమ్మలు పట్టుకుని నూట యాభైమంది బతికారని చెప్పుకుంటారు. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ అదే వరదలో తల్లిని, భార్యను, కూతురిని పోగొట్టుకున్నాడు. ఆ చెట్టుకింద నిలబడి ఈ రెండు మాటలు చెప్పాక, తలెత్తి ఆసుపత్రిని చూపించండి. అక్కడ ఇంత ఎత్తున, ఇంత దిట్టంగా ఎందుకు కట్టారని ఎవరో ఒకరు వాళ్లంతట వాళ్లే అడుగుతారు. ఆ ప్రశ్న దగ్గర నుంచి మీ పాఠం మొదలవుతుంది.

గ్రంథాలయం దగ్గర నాకు ఇష్టమైన పని ఒకటుంది. 1891లో అసఫియా లైబ్రరీగా మొదలై 1936లో ఈ భవనంలోకి వచ్చిందని రెండు ముక్కల్లో చెప్పేసి, మాట్లాడటం ఆపి, అందరికీ పోస్ట్‌కార్డు సైజు కాగితం, పెన్సిలు ఇస్తాను. పది నిమిషాలు ఒక్క కిటికీ గీయమంటాను. "నాకు బొమ్మలు రావు సార్" అన్నవాళ్లు కూడా గీస్తారు. గీసినవాళ్లు ఆ కిటికీని జన్మలో మర్చిపోరు.

భాష ముందే తేల్చుకోండి. పాతబస్తీలో తెలుగు, దక్కనీ ఉర్దూ రెండూ కావాలి. మన వృత్తి మాటలు కొన్ని అందరికీ తెలిసినవే ఉన్నాయి: కమాను, ఛజ్జా, జాలీ, డంగు సున్నం. అవే వాడండి.

ఆసుపత్రిలో మైకు వద్దు. రోగుల ఫొటోలు తీయొద్దని గేటు దగ్గరే గట్టిగా చెప్పండి. నడక కోసం ఏ స్ట్రెచర్‌కీ దారి ఆగకూడదు.

పాత ఇంటిని కొలిచి గీయడం

నన్నడిగితే సంఘం చేయగలిగిన అతి విలువైన పని ఇదే. పెద్ద భవనాల డ్రాయింగులు ఎక్కడో ఒకచోట ఉంటాయి. గల్లీలోని ఎనభై, వంద ఏళ్ల ఇంటికి ఏ కాగితమూ ఉండదు. ఆ ఇల్లు ఒక ఆదివారం కూలిపోతే, దాని మధ్యగది ఎంత, వాకిలి ఎటు, గాలి ఎలా ఆడేది అన్నీ దానితోపాటే పోతాయి.

విద్యార్థులకు ఇది కొత్త కాదు. ఆర్కిటెక్చర్ విద్యార్థుల జాతీయ సంఘం నాసాలో డాక్యుమెంటేషన్ కోసమే లూయీ కాన్ ట్రోఫీ ఉంది. వాళ్లకు ఉత్సాహం ఉంది, మన దగ్గర అనుభవం ఉంది.

మొదటి మెట్టు ఇంటివాళ్ల నమ్మకం. "హెరిటేజ్" అనే మాట వినగానే చాలామందికి టెన్షన్. ఇల్లు జాబితాలోకి ఎక్కిస్తారేమో, అమ్ముకోనివ్వరేమో అని. వాళ్ల భయం అర్థం చేసుకోదగ్గదే. మొదటిసారి వెళ్లినప్పుడు టేపు తీసుకెళ్లకండి. కూర్చోండి, వాళ్లిచ్చిన చాయ్ తాగండి, ఇంటి కథ వినండి. రెండోసారి ఒక కాగితం ఇవ్వండి: డ్రాయింగులు మీ అనుమతి లేకుండా ఎవరికీ ఇవ్వం, చిరునామా ఎక్కడా ముద్రించం, పూర్తయ్యాక ఒక సెట్ మీకు ఉచితంగా ఇస్తాం. కింద అధ్యక్షుడి సంతకం. ఒక ఇంట్లో పెద్దావిడ మాకు వద్దంటే వద్దన్నారు. "అమ్మా, మీరు రిపేరు చేయించుకునేటప్పుడు మేస్త్రీకి చూపించడానికి పనికొస్తుంది" అని మా జట్టులోని అమ్మాయి ఒకతె అంది. అప్పుడు ఒప్పుకున్నారు. మనం చెప్పే పెద్ద కారణాల కన్నా ఆ ఒక్క చిన్న ఉపయోగమే ఆవిడకు నిజమనిపించింది.

కొలిచే రోజు ముగ్గురేసి జట్లు చేయండి. ఒకరు టేపు సున్నా చివర పట్టుకుంటారు, ఒకరు అంకె చదువుతారు, ఒకరు రాస్తారు. రాసేవాళ్లు ఆ అంకెను పైకి తిరిగి చెప్పాలి. దీన్ని చాదస్తం అనుకోకండి, మా జట్లలో వచ్చిన తప్పుల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుట్టాయి.

టేపు తీసేముందు గదుల ప్లాన్ చేత్తో గీయాలి, కొలతలు లేకుండా, కాగితం నిండా పెద్దగా. తర్వాత ఒక గోడ మొదటి మూల దగ్గర సున్నా పెట్టి, టేపు కదపకుండా కిటికీ అంచు, తలుపు అంచు, స్తంభం అన్నీ వరసగా చదువుతూ పోవాలి. ముక్కలు ముక్కలుగా కొలిచి కూడితే ఒక్కో ముక్కలో అర సెంటీమీటరు తేడా చివరికి పది సెంటీమీటర్లు అవుతుంది.

పాత ఇళ్లలో మూలలు మూలమట్టానికి ఉంటాయని అనుకోకండి. ప్రతి గదికీ రెండు కర్ణాలూ కొలవండి. గది 4.20 మీటర్లకు 3.60 అయితే, మూలలు సరిగ్గా ఉన్నప్పుడు రెండు కర్ణాలూ 5.53 రావాలి. ఒకటి 5.60, ఇంకోటి 5.46 వచ్చిందంటే గది పక్కకు వాలిన దీర్ఘచతురస్రంలా ఉందని అర్థం. దాన్ని అలాగే గీయండి. సరిచేసి గీస్తే అది మీ ఇల్లు, వాళ్లది కాదు.

ఎత్తులకు మేస్త్రీలు వాడే నీళ్ల పైపు చాలు. ఇల్లంతా ఒకే మట్టంలో సుద్దతో చిన్న చిన్న గుర్తులు పెట్టి, పైకీ కిందకీ ఆ గుర్తుల నుంచే కొలవండి. గోడ వాలిందో లేదో తాడుకు గుండు కట్టి చూడండి. కమాను కొలవడానికి, అది మొదలయ్యే మట్టంలో అడ్డంగా తాడు కట్టి, ప్రతి 15 సెంటీమీటర్లకూ తాడు నుంచి కమాను దాకా ఎత్తు చదివితే వంపు దానంతటదే కాగితం మీదకు వస్తుంది. లేజర్ మీటరు ఉంటే వాడండి, కానీ జాలీలు, చెక్కడాల దగ్గర దాన్ని నమ్మకండి. కిరణం సందులోంచి వెళ్లి వెనకగోడను చదువుతుంది.

పైకప్పు మీదకు, కుళ్లిన మెట్ల మీదకు విద్యార్థులను పంపకండి. తెలియని నేల మీద కాలు పెట్టేముందు కింద నుంచి దూలాలు చూడాలి. కనిపించకపోతే ఆ గది వదిలేయండి. ప్లాన్లో "కొలవలేదు" అని రాయడంలో నామోషీ ఏమీ లేదు.

అదే రాత్రి గీయడం మొదలుపెట్టండి. వారం ఆగితే చేతిరాత మనకే అర్థం కాదు. తప్పిన కొలతల కోసం రెండో ఆదివారం మళ్లీ వెళ్లాల్సి ఉంటుందని ఇంటివాళ్లకు ముందే చెప్పండి.

ఉచిత సలహా శిబిరం

కాలనీ కమ్యూనిటీ హాల్, ఆదివారం పది నుంచి ఒంటిగంట వరకు, నాలుగు టేబుళ్లు. ఒక్కో కుటుంబానికి ఇరవై నిమిషాలు. రోజుకు ముప్పై టోకెన్లు మించొద్దు. స్థలం కాగితాల కాపీ, ఇంటి కొలతలు, ఫోన్లో ఫొటోలు తెచ్చుకోమని ముందే చెప్పండి.

ఒక టేబుల్ దగ్గర తప్పకుండా స్ట్రక్చరల్ ఇంజనీరు కూర్చోవాలి. ఎందుకంటే అందరూ అడిగే ప్రశ్న "పైన ఇంకో అంతస్తు వేయచ్చా?" అన్నది. ఫొటో చూసి దానికి అవునని చెప్పే హక్కు ఎవరికీ లేదు. పునాది, పిల్లర్లు, కమ్ములు చూడకుండా కుదరదని ఇంజనీరే చెబితే జనం వింటారు. రెండో ప్రశ్న అనుమతుల గురించి. తెలంగాణలో భవనాల అనుమతుల కోసం తెచ్చిన 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టం ప్రకారం 75 చదరపు గజాల లోపు స్థలంలో చిన్న ఇంటికి అనుమతి అవసరం లేదు, రిజిస్ట్రేషన్ చాలు అన్న సంగతి కూడా తెలియక మధ్యవర్తికి డబ్బు పోసినవాళ్లను నేను చూశాను. శిబిరానికి ముందు రోజు అప్పటికి అమల్లో ఉన్న నిబంధనలు మీరు మరోసారి సరిచూసుకోండి.

వాస్తు అడుగుతారు. విసుక్కోకండి, వాదించకండి. వంటగదిని వాళ్లు కోరిన మూలకే ఉంచి, అక్కడికి వెలుతురు, గాలి ఎలా తేవాలో గీసి చూపించండి.

మేం పెట్టుకున్న నియమం ఒకటుంది: టేబుల్ మీద విజిటింగ్ కార్డు ఉండదు, సలహా ఇచ్చినవాళ్లు ఆ కుటుంబం పనిని ఆరు నెలల దాకా తీసుకోరు. కొందరు సభ్యులకు ఇది కష్టంగా అనిపించింది. అయినా వదలలేదు. పని దొరుకుతుందని కూర్చున్న ఆర్కిటెక్టుకూ, చెప్పడానికే కూర్చున్న ఆర్కిటెక్టుకూ తేడా ఎదుటి మనిషికి రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. చెప్పిన సలహా ఒక కాగితం మీద తెలుగులోనో ఉర్దూలోనో రాసివ్వండి. అది కేవలం సలహా అని, భవనం భద్రతకు సర్టిఫికెట్ కాదని కింద ముద్రించి ఉండాలి.

స్పాన్సర్లు, లెక్కలు

సాంకేతిక ప్రసంగాలకు టైల్స్, పెయింట్లు, గాజు కంపెనీలు ముందుకొస్తాయి. రానివ్వండి. కానీ వక్తను, విషయాన్ని కమిటీయే ఎంచుకోవాలి. కంపెనీకి చివర్లో పది నిమిషాలు, హాలు బయట ఒక టేబుల్. చెక్కు సంఘం పేరునే రావాలి. సభ్యులకు కానుకల సంచులు వద్దు. స్పాన్సర్ పేరున్న బ్యానర్ ఎక్కడ కట్టాలో కూడా ముందే రాసుకోండి. సలహా శిబిరానికీ, ఇల్లు కొలిచే పనికీ మాత్రం ఏ కంపెనీ డబ్బూ తీసుకోకండి.

ప్రతి కార్యక్రమం అయిన వారంలోగా ఒక పేజీ లెక్క సభ్యులందరికీ పంపండి. ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, ఎవరు సంతకం చేశారు. డబ్బు చిన్నదైనా సరే.

అయిపోయాక

ఇంటి డ్రాయింగులు పూర్తయ్యాక మూడు సెట్లు తీయండి. ఒకటి ఇంటివాళ్లకు, మీరే వెళ్లి చేతికివ్వండి, కొలిచిన విద్యార్థులను వెంట తీసుకెళ్లండి. ప్లాన్ పరిచి, ఇదిగో ఇది మీ వంటిల్లు, ఇది బావి అని వేలు పెట్టి చూపించండి. రెండోది, ఇంటివాళ్లు సంతకం పెట్టి ఒప్పుకుంటేనే, కాలేజీ గ్రంథాలయానికి. మూడోది సంఘం బీరువాలో, కొలిచిన తేదీ, జట్టులోని వాళ్ల పేర్లు, అసలు చేత్తో రాసిన కాగితాలతో సహా.

నడక దారి నోట్సు, అనుమతి ఉత్తరాల కాపీలు, శిబిరంలో ఎక్కువసార్లు వచ్చిన ప్రశ్నలు, సరిగ్గా జరగని పనుల జాబితా అన్నీ ఒకే ఫైల్లో పెట్టండి. కమిటీ మారే రోజున ఆ ఫైలు, బీరువా తాళంచెవి, బ్యాంకు పుస్తకం మూడూ ఒకే టేబుల్ మీద పెట్టి, కొత్త కార్యదర్శిని పక్కన కూర్చోబెట్టుకుని, మొదటి పేజీ నుంచి కలిసి తిరగేయండి. దానికి ఒక పూట పడుతుంది. ఆ పూటను కూడా క్యాలెండర్లో ఇప్పుడే రాసుకోండి.